ఈ క్రిస్మస్‌కి ట్యాబ్ వద్దని తమ్ముడికి చెప్పమ్మా

న్యూరెంబర్గ్, జర్మనీ
నవంబరు రెండో ఆదివారం

అమ్మకి, నాన్నకి ప్రభువు పేరట వందనాలు.

మేం బాగానే ఉన్నాం. చిట్టికి దగ్గు తగ్గింది. నువ్వు చెప్పిన వాము కషాయం పనిచేసిందో, దానంతటదే పోయిందో గానీ రాత్రిళ్లు హాయిగా నిద్రపోతోంది. ఆయన ఎప్పటిలాగే ఆఫీసుకి పక్కూరు ఎర్లాంగెన్ వెళ్లొస్తున్నారు. నా ఆఫీసు గురించి రాయడానికేమీ లేదు. ఏడాది చివర కదా, అందరికీ అన్నీ డిసెంబరు లోపే కావాలి.

ఇది పోస్టులో వేస్తే పండగ దాటాక వస్తుంది. అందుకే రాసి, ఫోటోలు తీసి నాన్న ఫోన్‌కి పంపిస్తున్నా. తమ్ముడి ఫోన్‌కి ఎందుకు పంపలేదో చదివితే మీకే తెలుస్తుంది. మాట్లాడదామంటే మీరు స్పీకర్ పెడతారు, వెనకాల వాడుంటాడు.

అమ్మా, ట్యాబ్ వద్దు. వాడి స్నేహితుడెవరో డిసెంబరులో ఇటు వస్తున్నాడని, అతని చేత పిల్లలకి ట్యాబ్ పంపిస్తున్నానని వాడు ఎంత సంబరంగా చెప్పాడో! ఆ సంబరం చూసి నోరు పెగల్లేదు. మేనల్లుడంటే వాడికి ప్రాణమని నాకు తెలీదా? కానీ పోయిన వేసవిలో నువ్వే చూశావుగా. తమ్ముడి ఫోన్ చేతిలో పడ్డాక పెద్దోడు డాబా ఎక్కింది లేదు, పక్కింటి పిల్లలు పిలిచినా కదిలింది లేదు. పెసరట్టు నోట్లో పెడితే నమిలాడు, అది పెసరట్టో చపాతీయో వాడికి పట్టలేదు. ‘పోనీలే, నాలుగు రోజులుండి పోయేవాడు’ అన్నావు. నాలుగు రోజులుండి పోయేవాడనే నా బాధ.

డబ్బు దండగని కాదు. పెద్దమ్మ మనవడు ట్యాబ్‌లో అబాకస్ నేర్చుకుంటున్నాడని నువ్వన్న మాట కూడా గుర్తుంది. నేర్చుకోనీ. మనవాడేం వెనకబడలేదు, వాళ్ల టీచరు మెచ్చుకుంటూనే ఉంది. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతోంది, వచ్చే నెలలో ఇంకా ముందే. బయటికి పంపలేం. ఇంట్లో ట్యాబ్ ఉందంటే అప్పటినుంచి పడుకునేదాకా ఇద్దరికీ దానికోసమే కొట్లాట. ఆఫీసు నుంచి వచ్చి ఆ పంచాయితీ తీర్చే ఓపిక నాకు లేదమ్మా.

‘ట్యాబ్ లేకపోతే మాతో ఎట్లా మాట్లాడతారే’ అని నాన్న అన్నాడు చూడు, ఆ మాట నన్ను వదల్లేదు. ఆదివారం వీడియో కాల్ ఎక్కడికీ పోదు నాన్నా, నా ఫోన్ ఉంది. అయినా ఆ కాల్‌లో మీకేం కనిపిస్తోంది? వాడి నుదురు, మా ఇంటి పైకప్పు. ‘హాయ్ తాతయ్యా’ అని పారిపోతాడు. దాంతో మీకు తృప్తిగా ఉందేమో, నాకైతే లేదు. అందుకే ఒక సంగతి అడుగుతున్నా, కాదనకు.

చిట్టి దగ్గర టోనీ బాక్స్ అని ఒక మెత్తటి గుడ్డ కప్పిన డబ్బా ఉంది, గుర్తుందా? పైన బొమ్మ పెడితే కథ వినిపిస్తుంది, బొమ్మ తీస్తే ఆగిపోతుంది. దానికి తెర అనేదే లేదు. అందులో ఖాళీ బొమ్మలు కూడా దొరుకుతాయి. మన గొంతే దాంట్లోకి ఎక్కించుకోవచ్చు, 90 నిమిషాల దాకా పడుతుంది. నువ్వు వాట్సాప్‌లో కథలు చెప్పి పంపు, ఎక్కించే పని నేను చూసుకుంటా. క్రిస్మస్‌కి తాతయ్య గొంతే బహుమతి. రాత్రి దీపం ఆపాక ఇద్దరూ వింటూ పడుకుంటారు. పాత బస్టాండు దగ్గర నువ్వు తప్పిపోయిన కథ, మీ నాయనమ్మ ఎద్దుబండి మీద క్రిస్మస్ ఆరాధనకి తీసుకెళ్లిన కథ, ఏదైనా సరే. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ అయ్యగారి గురించి తప్పకుండా చెప్పు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ అనే మనకి గుర్తు గానీ, ఆయన పుట్టింది ఈ దేశంలోనే, హెల్మ్‌స్టెట్ అనే ఊళ్లో. మన లూథరన్ చర్చి మొదలుపెట్టినాయన ఇక్కడివాడే అంటే పెద్దోడు నమ్మలేదు. నువ్వు చెబితే నమ్ముతాడు. ఫ్యాను ఆపి రికార్డు చెయ్యి, లేకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు.

బీపీ మాత్ర మళ్లీ మానేశావని అమ్మ చెప్పింది. దాని గురించి ఫోన్లో మాట్లాడతా.

ఇక బొమ్మల సంగతి. ఈ ఊరికి బొమ్మల ఊరని పాతకాలం నుంచీ పేరు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం, ఊరి నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే మైదానంలో క్రిస్మస్ సంత తెరుస్తారు, 24 దాకా ఉంటుంది. చెక్క దుకాణాలు, పైన ఎర్ర తెల్ల చారల గుడ్డ. ఎండు ప్లమ్ పళ్లని తీగకి గుచ్చి మనుషుల బొమ్మలు చేస్తారు, చూస్తే నవ్వొస్తుంది. నేను ఎక్కువసేపు నిలబడేది చెక్కబొమ్మల దగ్గర. తూర్పున చెక్ సరిహద్దు పక్కన జైఫెన్ అని కొండల్లో ఊరుంది, అక్కడినుంచి వస్తాయి. లేతు మీద చెక్క చక్రాన్ని తిప్పుతూ లోపలా బయటా గాడులు తీస్తారు. ఆ చక్రాన్ని కేకు కోసినట్టు కోస్తే ప్రతి ముక్కా ఒక గుర్రమో ఆవో అయి ఉంటుంది. బొటనవేలంత ఆవు, ధర విని మెల్లగా కింద పెట్టేశా.

అప్పుడు ఏటికొప్పాక గుర్తొచ్చింది. అదీ లేతు మీద పనే కదా. అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగులు. చిట్టి ఇంకా అన్నీ నోట్లో పెట్టుకుంటుంది, ఆ రంగులైతే నాకు భయం ఉండదు. లేపాక్షి హస్తకళల దుకాణంలో బొంగరాలు, చిన్న వంటసామాను సెట్టు దొరుకుతాయి, అవి తీసుకో. కొండపల్లి బొమ్మలు వద్దు, దారిలో చేతులు విరుగుతాయి. పోస్టులో మాత్రం వెయ్యకు. బహుమతి అయినా 45 యూరోలు దాటితే పన్ను కట్టాలి, పైగా కస్టమ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి నేనే డబ్బా విప్పి చూపించాలి. ఆ స్నేహితుడి పెట్టెలో ట్యాబ్ బదులు ఇవి పెట్టించు.

అమ్మా, నీ వంతు అష్టాచెమ్మా. పాత దుప్పటి ముక్క మీద ఐదు గళ్లకి ఐదు గళ్లు, ఎర్ర దారంతో కుట్టు. నీ గొలుసుకుట్టు చిట్టికి చూపించాలి. నాలుగు గవ్వలు కూడా పెట్టు. చింతగింజలు వద్దు, గింజలంటే ఎయిర్‌పోర్టులో లేనిపోని ప్రశ్నలు, ఇక్కడ బొత్తాలు పెట్టి ఆడతాం. ఈ దేశంలో ప్రతి ఇంట్లో మన పచ్చీసు లాంటి ఆటే ఒకటుంటుంది. 1914 నుంచి అమ్ముతున్నారట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రుల్లో పడున్న సైనికులకి కూడా పంపారట. పెద్దోడికి అది బాగా వచ్చు, ఓడిపోతే బోర్డు తిరగేయడం కూడా వచ్చు. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, బోర్లా పడితే అష్టా అని చెప్పా. పాచికలో ఆరే ఎక్కువ, గవ్వల్లో ఎనిమిది ఎట్లా వస్తుందని తగువు పెట్టుకున్నాడు. ఇక్కడి మనుషులకి ఆటల పిచ్చి. 1979 నుంచి ఏటా ఒక ఆటకి బహుమతి ఇచ్చి డబ్బా మీద గుర్తు వేస్తారు. కొనక్కర్లేదు కూడా, లైబ్రరీలో పుస్తకాలతో పాటు ఆటల డబ్బాలు కూడా ఇస్తారు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ పక్కన పెట్టి కూర్చుంటున్నారంటే ఆ డబ్బాల పుణ్యమే.

ఒక విషయం చెప్తా, కంగారు పడకు. పెద్దోడికి చాకు కొంటున్నాం. చెక్క చెక్కుకునే చాకు, మొన గుండ్రంగా ఉంటుంది, పిల్లల కోసమే చేస్తారు. అత్తయ్యకి చెబితే ‘పండగపూట పిల్లోడి చేతికి కత్తా’ అని ఫోన్ పెట్టేశారు. ఇక్కడ వాడి ఈడు పిల్లలు అడవికి పోయి కర్రలు చెక్కుతూనే ఉంటారు. ఆయన పక్కన కూర్చుంటేనే తియ్యాలి అని షరతు పెట్టాం. మా చిన్నప్పుడు కత్తిపీట ముందు కూర్చోబెట్టి నాతో దొండకాయలు తరిగించలేదా నువ్వు? దానికన్నా ఇదే నయం.

నాన్నా, ఈసారి నక్షత్రం చేశావా? మోకాలు నొప్పని అమ్మ అంటోంది, ఎక్కి కట్టే పని తమ్ముడికి ఇవ్వు. వెదురు బద్దలు, రంగు కాగితం, ఉడికించిన మైదా బంక. ఆ బంక వాసన ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు. మేం ఈ ఏడు హెర్న్‌హూట్ అనే ఊళ్లో చేసే కొమ్ముల నక్షత్రం కొంటున్నాం. ఇంటిల్లిపాదికీ అదే పెద్ద బహుమతి. విడి కొమ్ములుగా పెట్టెలో వస్తుంది, 25 ఉంటాయి. 17 నాలుగు పలకలవి, 8 మూడు పలకలవి, ఒకదానికొకటి బిగించాలి. ఏటా విప్పి దాచి మళ్లీ బిగించుకోవడమే. 1830ల్లో నీస్కీ అనే ఊళ్లో ఒక హాస్టల్ బడిలో లెక్కల పాఠం కోసం పిల్లల చేత చేయించారట. అమ్మానాన్నలు మిషనరీలుగా దూరదేశాల్లో ఉంటే, పిల్లలు ఆ బడిలో ఉండేవారట. అది చదివాక ఆర్డర్ పెట్టకుండా ఉండలేకపోయా.

డిసెంబరు ఒకటి నుంచి రోజుకొక కిటికీ తెరిచే క్యాలెండరు ఉంటుంది కదా, 24 కిటికీలది. దుకాణంలో కొంటే అన్నీ చాక్లెట్లే. ఈసారి చిన్న చిన్న పొట్లాలు నేనే కట్టి గోడకి వేలాడదీస్తా. లోపల రోజుకొక పొడుపుకథ. నాన్నా, ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం’, ‘కిటకిట తలుపులు కిటారి తలుపులు’, ఇవి నాకు వచ్చు. మిగతావి నువ్వు రాసి పంపాలి. నీ చేతిరాతలోనే కావాలి, నేను ప్రింటు తీసుకుంటా. పెద్దోడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి. జవాబులు రాయొద్దు. ఆదివారం నీకే ఫోన్ చేసి చెప్పాలి. అప్పుడు పారిపోడు.

ఐదో తారీకు రాత్రి బూట్లు తుడిచి గుమ్మం ముందు పెడతారు, తెల్లారేసరికి సెయింట్ నికోలస్ వేరుశనక్కాయలు, కమలాలు వేసి పోతాడని. మన పిల్లలు పోయినేడు అందరి బూట్లూ తుడిచారు, నావి కూడా. బహుమతులు ఇచ్చేది 24 సాయంత్రం. 25, 26 రెండు రోజులూ దుకాణాలు ఉండవు, వీధుల్లో మనిషి కనపడడు. మొదట్లో ఆ రెండు రోజులు చాలా కష్టంగా ఉండేది. మన వీధిలో తెల్లవారుజామున వచ్చే క్యారల్స్ డప్పు, కొత్తబట్టల వాసన, నీ పులావు... సరే, వదిలెయ్. ఈసారి 26న పిల్లలతో గులాబీ పువ్వులు వండుదామనుకుంటున్నా. పిండి కలపడం చిట్టి, లెక్కపెట్టడం పెద్దోడు, నూనె దగ్గర నేను. అచ్చు లేదు. నీ దగ్గర అమ్మమ్మది రెండోది ఉండాలి, వంటింటి అటక మీద ఇత్తడి గంగాళం లోపల చూడు. అది నాకు ఇచ్చెయ్.

తమ్ముడికి ఎట్లా చెబుతావో నీ ఇష్టం. నేను చెబితే ‘అక్క జర్మనీ పోయి పాఠాలు చెబుతోంది’ అంటాడు. నొచ్చుకుంటే, ఆ డబ్బుతో ఇక్కడి జూకి ఏడాది పాసు కొనిమ్మని చెప్పు, ఇంటిల్లిపాదీ ఏడాదంతా వెళ్లొచ్చు. వెళ్లిన ప్రతిసారీ మేనమామ పంపించాడనే పిల్లలకి చెబుతా. నిజంగానే చెబుతా.

మరదలికి, పెద్దమ్మ వాళ్లకి మా వందనాలు. ఆదివారం ప్రార్థనలో మా పేర్లు చెప్పించు.

మీ అమ్మాయి

తా.క. ఆ స్నేహితుడు ఏ తేదీన విమానం ఎక్కుతున్నాడో, పెట్టెలో ఎన్ని కిలోలు ఇస్తాడో కనుక్కో. ముందు గులాబీల అచ్చు, అష్టాచెమ్మా గుడ్డ, గవ్వలు, బొంగరాలు. తర్వాత చోటు మిగిలితే కారప్పొడి. గోంగూర పచ్చడి సీసా మాత్రం వద్దు, పోయినసారి కారి ఆయన చొక్కాలన్నీ పాడయ్యాయి.