ముందు కట్ట విప్పనివ్వండి, తర్వాత తీసివేత
కడప జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) ప్రాథమిక పాఠశాలల్లో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం రాస్తున్నాం.

402 నుంచి 178 తీసేయమంటే మూడో తరగతి పిల్లలు కొందరు 376 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. 2లోంచి 8 పోదు గనుక 8లోంచి 2 తీసేస్తారు. సున్నా దగ్గరా అంతే. "పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో" అంటే పక్కనున్నది సున్నాయే కదా, ఏం తెస్తారు?

చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి, పది కట్టలు కలిపి వంద మోపు చేయాలి. 402 అంటే 4 మోపులు, 2 పుల్లలు. ఒక మోపు విప్పితే పది కట్టలు, అందులో ఒకటి విప్పితే పది పుల్లలు. ఇప్పుడు 3 మోపులు, 9 కట్టలు, 12 పుల్లలు. 178 తీసేస్తే 224 కళ్లముందే ఉంటుంది. జపమాలలో పదేసి పూసలు చెప్పుకునే పిల్లలకు పదుల గుంపు కొత్తేమీ కాదు.

ఇలా పుల్లలతో నేర్పే వారం పిల్లల నోట్సు ఖాళీగానే ఉంటుంది. తనిఖీకి వచ్చేవారు దాన్ని లోపంగా రాయకుండా, ఒక బిడ్డను పిలిచి మోపు విప్పించి చూడమని ఆదేశించండి.