చేర్యాల పటంలో వంకర గీత లోపమా?

సంపాదకులకు నమస్కారం.

మాదాపూర్‌లో కంప్యూటర్‌పై బొమ్మలు గీసి జీవించే డిజైనర్‌ను. గీత కాస్త పక్కకు పోతే ఒక్క మీట నొక్కి సరిచేసుకోవడం మాకు రోజూ అలవాటు. ఈ మధ్య చేర్యాల నకాషీ చిత్రకళ (తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ పటాలపై కథలను బొమ్మలుగా గీసే కళ) నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ వెసులుబాటు పోయింది. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూతలు పూసి ఆరబెట్టినా నేత పోగులు అక్కడక్కడా తేలే ఉంటాయి. సన్నని కుంచె వాటి మీద తడబడి, బొమ్మ కళ్లలో ఒకటి రవ్వంత పెద్దదవుతుంది. పటం విప్పి కుల పురాణాలు చెప్పే కథకుల కోసం పెరిగిన ఈ కళలో, ఎదుట కూర్చున్నవారికి పాత్ర ఎవరో తెలియడం ముఖ్యం గాని కొలతల పొందిక కాదు.

నగరంలోని హస్తకళల సంతల్లో "రెండు ముఖాలూ ఒకేలా లేవు" అంటూ కొందరు ధర తగ్గించమనడం, పక్కనే యంత్రంపై అచ్చేసిన నకళ్లు చేతిపని పేరుతో అమ్ముడుపోవడం బాధ కలిగిస్తోంది (వాటికి ఆధారమైన ఫైళ్లు మాలాంటి డిజైనర్లు తయారుచేసేవేనన్నదీ నిజమే). అచ్చు వేసినవాటిపై ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలని నిర్వాహకులు నిబంధన పెట్టాలని, డిజైన్ కళాశాలలు కుంచెపనిని పాఠ్యాంశంగా చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక డిజైనర్, హైదరాబాద్