వానకాలం చెప్పులకు రంగు వద్దా?

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తోలు చెప్పులు నానితే అతుకులూడి బూజు పడతాయి, అందుకే ఆ 3 నెలలూ నావి రబ్బరు చెప్పులే. పసుపు రంగంటే నాకు ప్రాణం. మొన్న పాండీ బజారులో ఆ రంగు చెప్పులు అడిగితే, "మీ వయసుకు నలుపే బాగుంటుందమ్మా" అన్నాడు కొట్టు కుర్రాడు. మనసు చివుక్కుమంది. మా అమ్మ 70 ఏళ్లప్పుడూ చిలకాకుపచ్చ మంగళగిరి చీరలే కట్టేది. పెద్దవాళ్ల సైజుల్లోనూ, జారని అడుగుతో, నిండు రంగులు తెప్పించండని వ్యాపారులను అడుగుతున్నాను. వీధి మునిగినప్పుడు నల్ల చెప్పు కాలి నుంచి జారితే మురికినీళ్లలో కనపడదు. పసుపుదైతే కనపడుతుంది.

– ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం, చెన్నై