అమ్మకు నిజం చెప్పాను

సంపాదకులు గారికి నమస్కారం.

మాది మెదక్. బెంగళూరులో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి, ఇప్పుడు లింగరాజపురంలో ఉంటున్నాను. పోయిన నెల మా అమ్మ ప్రభువు సన్నిధికి చేరింది. అంతకు ముందు ఆసుపత్రి వరండాలో బంధువులు నన్ను చుట్టుముట్టి, "జబ్బు సంగతి ఆమెకు చెప్పకు, దిగులుతోనే పోతుంది" అన్నారు. నేను చెప్పాను. అమ్మ కాసేపు నా వేళ్లు నిమిరి, "అయితే ఇంటికి తీసుకుపో. బీరువాలో తెల్లచీర ఉంది, ఇస్త్రీ చేయించు" అంది.

ఆ నిబ్బరం మా సంఘాలకు పూర్వీకులు ఇచ్చిన ఆస్తి. 1742 జులైలో లండన్‌లో, మెథడిస్టు క్రైస్తవ ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుజానా వెస్లీ, తాను ఈ లోకం నుంచి విడుదల పొందగానే దేవునికి స్తుతికీర్తన పాడమని పిల్లలను కోరింది. మంచం చుట్టూ నిలబడి వాళ్లు పాడారు. మేమూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచాం. రెండో చరణం దాకా అమ్మ పెదవులు కదిలాయి. కీర్తన ముగించాకే ఏడ్చాం.

అందరూ ఇంత ధైర్యంతో పుడతారని నేను అనను. సుజానా కొడుకు జాన్ వెస్లీయే 1736 జనవరిలో, అమెరికా వెళ్లే ఓడ తుపానులో చిక్కుకున్నప్పుడు చావుకు భయపడ్డాడు. పెద్ద తెరచాప చిరిగి, నీళ్లు లోపలికి వచ్చి ఆంగ్లేయులు కేకలు వేస్తుంటే, జర్మనీ నుంచి వచ్చిన మొరేవియన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు కీర్తన ఆపలేదు. మీ ఆడవాళ్లూ పిల్లలూ భయపడలేదా అని వెస్లీ అడిగితే, వాళ్లకు చావంటే భయం లేదన్నారు. ఆ మాట ఆయనను వదల్లేదు. తన పాపాలు క్షమింపబడ్డాయన్న నిశ్చయత ఆయనకు 1738 మే 24న దొరికింది. 1791 మార్చిలో, 87 ఏళ్ల వయసులో, "అన్నిటికంటే శ్రేష్ఠమైనది, దేవుడు మనకు తోడుగా ఉన్నాడు" అంటూ వెళ్లిపోయాడు. తన శవపేటికను ఆరుగురు పేదలు మోయాలని, మనిషికి 20 షిల్లింగులు ఇవ్వాలని, ఆడంబరమేదీ వద్దని ముందే రాసిపెట్టాడు. వీధి నిండా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కట్టే మన సంఘపెద్దలు ఇది చదవాలి.

నయమయ్యే రోగికి ఐసీయూ కావలసిందే. నయం కాదని వైద్యులే తేల్చాక కూడా గొంతులో గొట్టంతో, అద్దం తలుపు అవతల ఒంటరిగా పోయినవాళ్లను నా చేతులతో ఎందరినో శుభ్రం చేశాను. వాళ్లు ఏం చెప్పాలనుకున్నారో ఎవరికీ తెలియదు. అలాంటివారి దగ్గరకు కుటుంబాన్ని, పాస్టరు గారిని పావుగంటైనా రానివ్వాలని, నెమ్మదిగా ఒక్క కీర్తన పాడుకోనివ్వాలని నగరంలోని ఆసుపత్రులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
లింగరాజపురం, బెంగళూరు