మత్తు ఇచ్చే ముందు ఒక రక్తపరీక్ష

సంపాదకులకు నమస్కారం.

మా ఆర్యవైశ్యుల్లో కొన్ని కుటుంబాలకు మత్తు డాక్టర్లు వాడే ఒక మందు పడదు. దాని పేరు సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్లలో స్కోలిన్ అంటారు. గొంతులో గొట్టం వేయడానికి వీలుగా కండరాలను క్షణాల్లో సడలిస్తుంది. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది కనుక మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో మనిషి మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము పనిచేయనివారికి గంటలు పడుతుంది.

మా తమ్ముడికి అలాగే అయింది. అపెండిక్స్ తీశారు, కుట్లు వేశారు, మనిషి మాత్రం వెంటిలేటర్ మీదే ఉండిపోయాడు. మధ్యలో స్పృహ వచ్చిందట. నర్సుల మాటలు వినిపిస్తున్నా కనురెప్ప ఎత్తలేకపోయానని తర్వాత చెప్పాడు. తెల్లవారేసరికి కోలుకున్నాడు. డిశ్చార్జి కాగితంలో మాత్రం ‘కొంతసేపు పరిశీలనలో ఉంచాం’ అని ఒక్క ముక్క! ఏ మందు, ఎందుకలా అయింది, ఏమీ లేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే బయటపడే లోపమిది. అంటే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. మా చెల్లెలి కాన్పు దగ్గరపడ్డాక ఈ సంగతి చెప్పింది వేరే ఊళ్లోని ఒక మత్తు డాక్టరు.

ఇదేమీ కొత్త విషయం కాదు. వైశ్యుల్లో ఈ ఎంజైమును పనికిరాకుండా చేసే జన్యుమార్పు గురించి 2006లోనే శాస్త్రవేత్తలు రాశారు. ఎప్పుడో కొద్దిమందితో మొదలైన జనం తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే ఇలాంటి మార్పులు పేరుకుంటాయని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం చెప్పింది. సగోత్రం కూడదని పట్టుబట్టే మనం కులం గడప మాత్రం దాటం, పైగా మేనరికాలు!

ఆసుపత్రి ఫారంలో కులం రాయించమని నేను అనను. ఈ లోపం వైశ్యులందరికీ లేదు, ఇతరుల్లోనూ ఉంది. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా?’ అని అడిగితే చాలు. అనుమానముంటే, పురుగుల మందు తాగినవారికి చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్షే చేయించవచ్చు. తక్కువని తేలితే రోకురోనియం వంటి వేరే మందు వాడతారు. రోజువారీ బతుకులో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, దీని పేరు చెప్పి సంబంధాలు వదులుకోనక్కర్లేదు.

బీపీ, షుగరు శిబిరాలు పెట్టే మా సంఘాల పెద్దలు ఈ పరీక్షనూ అందులో చేర్చాలి. ఎవరికైనా ఇలా జరిగితే ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం మీద మందు పేరు పెద్ద అక్షరాలతో రాయాలి, తోబుట్టువులకు పరీక్ష చేయించమనీ అక్కడే రాయాలి.

— ఒక కిరాణా వ్యాపారి, ప్రొద్దుటూరు