హైవే దాటే ఊరు: రోడ్డు భద్రతపై మన సంఘం వార్షిక నివేదిక, 2025–26

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

విశ్వావసు నామ సంవత్సర ఉగాది నుంచి ఇప్పటిదాకా రోడ్డు భద్రత కోసం మనం చేసిన పనులు, మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన పనులు ఇందులో రాశాను. హైదరాబాద్–విజయవాడ హైవే మన ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోతోంది. ఇళ్లు ఒక పక్క, హైస్కూలు, పొలాలు ఇంకో పక్క. పొద్దున లేస్తే దాటక తప్పదు. రోజుకు అన్నిసార్లు దాటేటప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పొరపడతారు. ఆ పొరపాటుకు ప్రాణం పోకూడదు. నిరుటి సర్వసభ్య సమావేశంలో మనం చేసుకున్న తీర్మానం ఇదొక్కటే.

మొదటి అర్జీ క్రాసింగ్ గురించే పెట్టాం. దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తించమని అడిగాం. హైవే మీద సుమారు 500 మీటర్ల దూరంలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడే ఆ చోటు బ్లాక్ స్పాట్ కింద లెక్క. మన క్రాసింగ్ ఆ లెక్కలోకి రాదని జవాబొచ్చింది. ఆ కాగితం చదివినప్పుడు మనసు చివుక్కుమంది. లెక్క నిండేదాకా ఆగితే ఆ లెక్కలోకి ఎక్కేది మన ఇళ్లలోవాళ్లే కదా.

అందుకని బస్టాప్ పక్కన చాయ్ హోటల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ప్రమాదం జరిగితేనే కాదు, వెంట్రుకవాసిలో తప్పినా అందులో రాయాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వైపు వెళ్తుంటే, ఏమైంది అన్నవి రాస్తే చాలు. రాయడం రానివాళ్లు చెబితే హోటల్ అక్క రాసిపెట్టింది. ఆమెకు సంఘం తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు. వానకాలం వరినాట్లు అయ్యేసరికే సగం పేజీలు నిండాయి. పాల క్యాన్ పట్టుకుని దాటుతుంటే కారు గాలికి చీర కొంగు ఎగిరిందని ఒకరు, సైకిల్ వెనక చక్రానికి బండి రాసుకుంటూ పోయిందని ఒక పిల్లవాడు రాశారు. అన్నీ కలిపి చదివితే ఒక మాట మళ్లీ మళ్లీ కనిపించింది: ‘బండి కనపడలేదు’.

ఎందుకు కనపడటం లేదో చూద్దామని కమిటీ సభ్యులం ఒక సాయంత్రం అక్కడే కూర్చున్నాం. హైవే మధ్య డివైడర్‌లో గన్నేరు చెట్లున్నాయి. మగవాళ్ల భుజాల ఎత్తు పెరిగాయి. ఒక పెద్దమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని సగం రోడ్డు దాటి, డివైడర్ సందులో ఆగి, మోపు పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, మెడ మాత్రం గన్నేరు దాటించి ముందుకు చాచింది. బండి వస్తోందో లేదో చూడాలంటే ఆమె తల అప్పటికే బండి దారిలో ఉంది. పిల్లలైతే చెట్ల వెనక అసలు కనిపించరు.

అక్కడే ఒక లెక్క కూడా వేశాం. ఒక వైపు రెండు వరసలు కలిపి ఏడు మీటర్లు. మోపుతో నడిచే మనిషికి దాటడానికి ఏడు సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఏడు సెకన్లలో 150 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అంటే అంత దూరం ఖాళీగా కనిపిస్తేనే అడుగు వేయాలి. గన్నేరు అందులో నాలుగో వంతు కూడా చూడనివ్వడం లేదు.

నోట్‌బుక్ పేజీల జిరాక్సులు, ఫొటోలు, ఈ లెక్క కలిపి రెండో అర్జీ పెట్టాం. ఈసారి ఇంజినీర్లు వచ్చి చూశారు. క్రాసింగ్‌కు రెండు పక్కలా చెట్లను మోకాలి ఎత్తుకు కత్తిరించారు, పసుపుపచ్చ బ్లింకర్ పెట్టారు. గన్నేరు మళ్లీ పెరుగుతుంది. అందుకే ప్రతి నెలా మొదటి ఆదివారం వెళ్లి ఎత్తు చూసి వచ్చే బాధ్యత యువజన విభాగానికి అప్పగించాం.

స్పీడ్ బ్రేకర్ సంగతి దాచకుండా చెప్పాలి. హైవేలో కలిసే మన ఊరి రోడ్డు మీద చందాలు వేసుకుని మనమే ఒకటి వేయించాం. ఎత్తుగా, గట్టులా వేస్తే బండ్లు బాగా ఆగుతాయనుకున్నాం. పెయింట్ వేయలేదు, బోర్డు పెట్టలేదు. వారం తిరగకముందే రాత్రిపూట బైక్ వెనక కూర్చున్న మన చెల్లెమ్మ ఎగిరిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ తప్పు సంఘానిదే. వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగి, వైద్యం ఖర్చులో మన వంతు ఇచ్చి వచ్చాం. తర్వాత పంచాయతీ అనుమతితో దాన్ని తవ్వించి, రోడ్ల కొలతలు, ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతలతో మళ్లీ వేయించాం. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, పైన చారలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. ఇప్పుడు బండి నెమ్మదిస్తుంది, మనిషి ఎగరడు. ఇక మీదట ఏ గల్లీలోనూ కొలత లేకుండా, అనుమతి లేకుండా ఎవరూ స్పీడ్ బ్రేకర్ వేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

రోడ్డు మీద వడ్లు ఆరబోసే విషయంలో సగమే గెలిచాం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. వాన మబ్బు కనిపిస్తే రైతుకు ఒకటే టెన్షన్. చేతికి దగ్గరలో నున్నటి తారురోడ్డు ఉంటే అక్కడే ఆరబోస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. కానీ రాత్రి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టిన కుప్ప బైక్ మీద వచ్చేవాడికి దగ్గరికొచ్చేదాకా కనిపించదు. ఈసారి గుడి వెనక ఖాళీ జాగా చదును చేయించి ఆరబోతకు ఇచ్చాం. అది అందరికీ చాలలేదు. అక్కడ చోటు దొరకనివాళ్లు రోడ్డు మీదే ఆరబోసినా, రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టి, ముందు రేడియం అంటించిన డబ్బాలు నిలబెట్టారు. కొందరు మాత్రం రాళ్లే పెట్టారు. కల్లాలు మంజూరు చేయమని రాసిన దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు.

ట్రాక్టర్ ట్రాలీల వెనక రేడియం స్టిక్కర్లు అంటించే పని రెండు ఆదివారాల్లో అయిపోయింది.

హెల్మెట్ల గురించి ఇంటింటికీ తిరిగాం. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 72 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సుమారు 45 శాతం టూ వీలర్ల మీద వెళ్తున్నవాళ్లు, ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్తున్నవాళ్లు. మన ఊరి జనం రోజూ హైవే మీదికి వచ్చేది ఈ రెండు రకాలుగానే. ‘పొలం దాకేగా’ అన్న మాట చాలా ఇళ్లలో విన్నాం. ఆ పొలానికి పోవాలన్నా హైవే దాటాలి.

ప్రమాదం చూసినా కేసుల భయంతో దగ్గరికి పోని అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అందుకే ఈ సంగతి ప్రతి మీటింగ్‌లో చెప్పాం: గాయపడినవాళ్లను మంచి మనసుతో ఆస్పత్రికి చేర్చినవాళ్ల మీద కేసు పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. 2025 మేలో నోటిఫై అయిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. 108, 112, హైవే హెల్ప్‌లైన్ 1033 నంబర్లను బస్టాప్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

రాంగ్ రూట్ ఆగలేదు. యూటర్న్ దూరమని పెట్రోల్ బంకు నుంచి ఎదురు దిశలో వచ్చేవాళ్లలో మన సంఘ సభ్యులూ ఉన్నారు. సర్వీస్ రోడ్డు పొడిగిస్తేనే ఇది తగ్గుతుందని నా అభిప్రాయం. హైవేని ఆరు వరసలు చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి కాబట్టి, ప్లాన్ ఖరారయ్యేలోపే అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు అడగాలి. వరసలు పెరిగితే ఆ పెద్దమ్మ దాటాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది. కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇవ్వడానికి అర్జీ సిద్ధంగా ఉంది. ప్రతి ఇంటి నుంచి ఒక సంతకం కావాలి.

జమాఖర్చుల కాగితం దీనికి జత చేశాం. మొదటి నోట్‌బుక్ నిండిపోయింది. రెండోది హోటల్ గల్లా పక్కనే ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది. అర్జీ కాగితాలు కూడా అక్కడే ఉంచాం. యాసంగి కోతలు మొదలయ్యేలోపు వచ్చి సంతకం చేయండి.

— కార్యదర్శి