కోర్టు తలుపు తట్టొచ్చని ఇంట్లోవాళ్ళకు తెలియాలి

గౌరవనీయులైన న్యూజెర్సీ గవర్నర్ గారికి,

నమస్కారం. ప్రమాదం ఉందనిపించిన మనిషి దగ్గర తుపాకులు తీసేయించమని ఇంట్లోవాళ్ళే అడగగలిగే మన చట్టం గురించి రాస్తున్నాను. ముందు ఒక పాత సంగతి. 1949 సెప్టెంబరు 6, మంగళవారం. మన రాష్ట్రంలోని కేమ్డెన్‌లోని క్రేమర్ హిల్ పేటలో హోవర్డ్ అన్రూ అనే 28 ఏళ్ళ మాజీ సైనికుడు లూగర్ పిస్తోలు పట్టుకుని వీధిలోకి వచ్చాడు. చెప్పులు కుట్టే షాపు, మంగలి షాపు, మందుల షాపు, టైలర్ షాపు, అన్నీ రోజూ చూసేవే. కాసేపట్లోనే 13 మంది ప్రాణాలు పోయాయి. అందులో ముగ్గురు పిల్లలు. మంగలి షాపులో జుట్టు కత్తిరించుకుంటున్న ఆరేళ్ళ బాబు వాళ్ళలో ఒకడు.

ఆ రోజు అలమరలో దాక్కుని బతికిన పన్నెండేళ్ళ అబ్బాయి మనవరాలు, 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు అలాగే దాక్కుని బయటపడింది. అమెరికాలో ఈ కాల్పుల గోల ఈమధ్యే మొదలైందనుకునే మావాళ్ళకు ఇది చెబితే నోట మాట రాదు.

నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం అన్రూ తల్లి గురించి. పక్కింటివాళ్ళ మీద కోపాలన్నీ కొడుకు డైరీలో రాసుకుంటున్నాడు, ఇంటి కింది గదిలో తుపాకి గురి సాధన చేస్తున్నాడు. ఆ ఉదయం ఆమె మీదికే రెంచీ ఎత్తాడు. ఆమె భయపడి తెలిసినవాళ్ళింటికి పరిగెత్తింది. అంతకుముందే భయం వేసినా, అప్పట్లో ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు మన రాష్ట్రంలో దారి ఉంది. ప్రమాదం ఉందనిపిస్తే ఇంట్లోవాళ్ళే పోలీసుల దగ్గరకో సుపీరియర్ కోర్టుకో వెళ్ళి, ఆ మనిషి దగ్గర తుపాకులు తీసేయించమని అడగొచ్చు. 2019 సెప్టెంబరు నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. జడ్జికి సబబనిపిస్తే ముందు తాత్కాలిక ఉత్తర్వు, 10 రోజుల్లో విచారణ. మంచి చట్టమే. కానీ నేను అడిగిన తెలుగువాళ్ళలో ఒక్కరూ దీని గురించి వినలేదు. విన్నా ఎంతమంది వెళ్తారో! పరువు పోతుందని, వీసాకు ఎసరొస్తుందని టెన్షన్. పోలీసులంటే కేసే అనుకుంటారు. ఇది క్రిమినల్ కేసు కాదు, సివిల్ ఉత్తర్వు అని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

అందుకే అడుగుతున్నాను. ఈ చట్టం గురించి ఒక్క పేజీ తెలుగులో, గుజరాతీలో, హిందీలో, స్పానిష్‌లో వేయించండి. ఎడిసన్, ఐసెలిన్‌లలో గుళ్ళు, ఇండియన్ కిరాణా షాపులు, స్కూలు ఆఫీసుల్లో పెట్టించండి. అర్జీ ఎక్కడ ఇవ్వాలో, వీసా మీద దాని ప్రభావం ఏమిటో దాచకుండా రాయించండి. అర్జీ ఇచ్చేచోట మా భాష వచ్చినవాళ్ళు ఫోన్లోనైనా దొరికేలా చూడండి.

ఇట్లు,
ఎడిసన్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి